పెద్దపాప చెప్పిన రెండో మాట

ఫిబ్రవరి 3, సోమవారం

మే నెలాఖరుకల్లా మూడో అంతస్తు ఖాళీ చేయాలట. ఉత్తరం వచ్చింది. కొత్త భవనంలో మా బాలల హక్కుల న్యాయ కేంద్రానికి నాలుగు గదులిస్తున్నారు. గాజు గోడలు, మెత్తటి కుర్చీలు. నేను రిటైరయ్యేదీ అదే నెలాఖరు. చూసేవాళ్లు బీరువాలతో పాటు నన్నూ దించేస్తున్నారనుకుంటారు.

పిల్లల ఫైళ్లలో ముప్పై ఏళ్లు దాటినవి చింపేయాలని యూనివర్సిటీ నియమం. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు చోటు చాలదు కాబట్టి నియమం గుర్తొచ్చింది. జాబితా రాసి ప్రతి ఫైలుకూ ఎదురుగా నేను సంతకం పెట్టాలి. సాయానికి టైపిస్టు గారిని పిలిపించాను. ఆయన రిటైరై ఐదేళ్లయింది. అయినా ఏ బీరువాలో ఏముందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మూడంతస్తులూ ఎక్కి, ఆయాసం తీర్చుకుని, "చిన్నమేడమ్, మన సంసారం ఇంత పెరిగిందా!" అన్నారు.

నాకు యాభై తొమ్మిదేళ్లు. ఆయనకు ఇంకా చిన్నమేడమ్‌నే. ఈ కేంద్రం పెట్టిన పెద్దమేడమ్ పోయి పన్నెండేళ్లయినా ఆ పేరు ఆవిడదే.

ఫిబ్రవరి 5, బుధవారం

దుమ్ము. తుమ్ములు. చింపేవాటి కట్టలోకి పదహారు ఫైళ్లు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఈరోజు పని సాగలేదు. పొట్టి బల్ల దగ్గర కూర్చుని కబుర్లాడుకున్నాం.

ఆ బల్ల మొదట మామూలు బల్లే. కేంద్రం పెట్టిన కొత్తలో, మాతో మాట్లాడడానికి వచ్చిన ఒక పిల్లవాడి గడ్డం బల్ల అంచుకు కూడా అందలేదు. మర్నాడే పెద్దమేడమ్ వడ్రంగిని పిలిపించి నాలుగు కాళ్లూ కోయించేశారు. యూనివర్సిటీ ఆస్తి పాడుచేసినందుకు సంజాయిషీ అడిగారు. "బల్ల పొట్టిదైంది, పిల్లలు పొడుగయ్యారు" అని ఒక్క వాక్యం రాసి పంపారావిడ. ఆ వాక్యం టైపు చేస్తూ నవ్వాపుకోలేక మూడు కాగితాలు పాడుచేశానని టైపిస్టు గారు ఇప్పటికీ చెప్తారు.

అప్పట్నుంచీ లాయర్లందరం నేల మీద మఠం వేసుకుని కూర్చునేవాళ్లం. నల్లకోట్లు దుమ్ము కొట్టుకుపోయేవి. కోర్టులో అవతలి లాయర్లు మా వెనక నుంచి నడుస్తూ, "యూనివర్సిటీ వాళ్లొచ్చారు" అని నవ్వేవారు. ఏమిటో, ఆ దుమ్ము మాకు గర్వంగా ఉండేది.

చేరిన మొదటి రోజు ఆవిడ చెప్పింది ఒక్కటే. "మనం వాళ్లకు అమ్మలం కాదు, లాయర్లం. పిల్ల ఏం చెప్పిందో ఆ మాటే రాయండి, ఆ మాటే కోర్టులో చెప్పండి. మీకేమనిపించిందో వేరే కాగితం మీద రాసుకుని, చింపి బుట్టలో పడేయండి."

నాకప్పుడు పాతికేళ్లు. అన్నీ తెలుసనుకునే వయసు.

ఫిబ్రవరి 10, సోమవారం

ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. నీలం యూనిఫారం, జేబులో స్క్రూడ్రైవరు. పొరపాటున వచ్చిందనుకుని, "మా బిల్డింగులో లిఫ్టు లేదమ్మా" అన్నాను. యూనిఫారం మీద లిఫ్టుల కంపెనీ గుర్తు ఉంది మరి.

"తెలుసులెండి, మెట్లెక్కేగా వచ్చాను" అని నవ్వింది. "లిఫ్టు మెకానిక్‌నే కానీ, ఈరోజు పని మీద రాలేదు. లాయరక్కా, నన్ను గుర్తుపట్టలేదా?"

గుర్తు రాలేదని చెప్పాను. నిజంగానే రాలేదు. ముప్పైనాలుగేళ్లలో ఎంతమంది పిల్లలు!

తనే చెప్పింది. అక్కచెల్లెళ్లిద్దరు. తనకు పదకొండు, చెల్లికి మూడు. తల్లి ఆస్పత్రి పాలైతే, ఏడు నెలలు ఒక అద్దె గదిలో చెల్లిని తనే సాకింది. తల్లి పోయాక సంగతి బయటపడింది. చెల్లిని ఒక దంపతులు దత్తత తీసుకున్నారు. తనను హాస్టల్లో వేశారు.

"కేంద్రం ఇక్కణ్ణుంచి మారుతోందని పేపర్లో చూశాను. మా కాయితాలు చింపేస్తారేమోనని పరిగెత్తుకొచ్చా. చెల్లి ఎక్కడుందో నాకు తెలీదు. కోర్టులో అడగాలంటే ఏదో ఒక ఆధారం ఉండాలన్నారు."

వెతికి చూస్తానన్నాను. టీ ఇచ్చాను. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగింది.

"అప్పుడు నా తరఫున మాట్లాడింది మీరొక్కరే. జడ్జిగారు ఒప్పుకోకపోతే మీరేం చేస్తారు? హాస్టల్లో ఎవరైనా ఏడిపిస్తే, నాకో లాయరక్క ఉంది తెలుసా, అనేదాన్ని."

ఫిబ్రవరి 11, మంగళవారం

ఆ ఫైలు కనిపించలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

మళ్లీ చూశాను. అంత పాతవి ఎలుకలు కొట్టేసి ఉంటాయి.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మధ్యాహ్నం టైపిస్టు గారు నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డారు.

"ఆ అక్కచెల్లెళ్ల ఫైలు కోసమా మేడమ్, వెతుకుతున్నారు? పోయిన వారం బుధవారం మీరేగా తీసి చింపేవాటిలో పెట్టారు. పచ్చ రిబ్బనుది."

"నేనా?" అన్నాను.

ఆయన ఇంకేం అనలేదు. కట్టలోంచి ఫైలు తీసి, దుమ్ము దులిపి, నా ముందు పెట్టి, టీ తాగొస్తానని వెళ్లిపోయారు. టీ తాగి అప్పటికి పది నిమిషాలు కూడా కాలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధాలు రాసుకుంటున్నాను. ఇకనైనా ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఆవిడ గుమ్మంలో కనిపించగానే గుర్తుపట్టాను. ఆ ఫైలు చింపేవాటి కట్టలో పెట్టిందీ నేనే. కనుబొమ్మలు అవే. నుదురు ముడిచి చూసే తీరూ అదే.

అది నేను ఒంటరిగా నడిపిన మొదటి కేసు. పెద్దమేడమ్ ఏదో సభకని ఊరెళ్లారు. ఇద్దరు పిల్లల్నీ మా గదికి తీసుకొచ్చారు. పెద్దపాప పొట్టి బల్ల ముందు కూర్చుంది. చిన్నది దాని ఒళ్లో ఎక్కి కూర్చుంది. పెద్దది నాతో మాట్లాడుతూనే, చిన్నదాని ముక్కు తుడుస్తోంది, చేతిలోంచి నా పెన్ను లాక్కుంటోంది, "అక్కకు ఇచ్చెయ్, అక్క కొడుతుంది" అని నన్ను చూపించి బెదిరిస్తోంది. పదకొండేళ్ల పిల్లకు నడివయసు ఆడదాని చేతులు.

"నీకేం కావాలో చెప్పు, నేను జడ్జిగారికి చెప్తాను" అన్నాను.

చాలాసేపు ఆలోచించి రెండు మాటలు చెప్పింది. రాసుకున్నాను. నా చేతిరాతే. ఇప్పుడు నా ముందుంది.

"ఒకటి: చెల్లిని నా దగ్గరే ఉంచండి. నేను పెంచగలను. రెండు: కుదరదంటే, ఆదివారాలైనా చూడనివ్వండి. లేకపోతే అది నన్ను మర్చిపోతుంది."

రెండో మాట మీద అడ్డంగా గీత ఉంది. ఆ గీతా నాదే.

కోర్టు వరండాలో దంపతుల లాయరు నన్ను పక్కకు పిలిచాడు. పెద్దమనిషి. నెమ్మదిగా, నచ్చజెప్పే ధోరణిలో మాట్లాడాడు. "రాకపోకలుంటాయంటే మావాళ్లు వెనక్కి తగ్గుతారమ్మా. పసిపిల్లకు ఒక ఇల్లు దొరకడం మీ నోటి మాట మీద ఉంది." నేను ఆలోచించాను. పెద్దదాన్ని చూశాను. ఇదింకా ఎన్నాళ్లు మోస్తుంది ఈ బరువు, దీనికీ ఒక బాల్యం వద్దా అనుకున్నాను. నాకేమనిపించిందో అదే చేశాను. లోపలికెళ్లి మొదటి మాట మాత్రం చెప్పాను. అది కుదరదని నాకూ తెలుసు, జడ్జిగారికీ తెలుసు. "ఇంకేమైనా ఉందా?" అని అడిగారాయన.

"లేదండీ" అన్నాను.

బయటికొచ్చి ఆ పిల్లతో, జడ్జిగారు ఒప్పుకోలేదమ్మా అన్నాను. ఊరినుంచి వచ్చిన పెద్దమేడమ్‌తోనూ అదే అన్నాను. ఆవిడ నా వీపు తట్టి, "అడిగావుగా, అంతే మన పని" అన్నారు. ఆ మెప్పు ఇన్నేళ్లూ దాచుకున్నాను. ఆవిడ తలపుకొచ్చినప్పుడల్లా మొదట వీపు మీద ఆ చెయ్యే గుర్తొస్తుంది.

చిన్నదానికి ఇల్లు దొరికింది. అది మాత్రం అబద్ధం కాదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

అక్కకు చెప్పాను. మా అక్క నర్సుగా ముప్పై ఏళ్లు చేసిన మనిషి. బావ పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటోంది. కూరగాయలు తరుగుతూ అంతా విని, కత్తిపీట కూడా ఆపకుండా అడిగింది.

"తప్పు మందు ఇచ్చామనుకో, ఏం చేస్తాం?"

"ఏం చేస్తారు?"

"చార్టులో రాస్తాం. డాక్టర్ని పిలుస్తాం. పేషెంటుకు చెప్తాం. అంతేగానీ మంచం పక్కన కూర్చుని మనం ఏడవం."

"అది ముప్పైనాలుగేళ్ల కిందటి మందే."

"పేషెంటు బతికే ఉందిగా?" అంది. తర్వాత, నేను రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదని తిట్టింది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

చెప్పేశాను.

సాయంత్రం నాలుగింటికి మెకానిక్ వచ్చింది. ఫైలు ముందు పెట్టి, ఆ పేజీ తీసి చూపించాను. చదువుతుంటే పెదాలు కదిలాయి. గీత మీద వేలు పెట్టింది.

"ఇదెవరు గీశారు?"

"నేనే."

"జడ్జిగారు కొట్టేశారా?"

"లేదు. ఆయనకసలు చెప్పలేదు. నేను చెప్పలేదు."

ఇంకా అర్థం కానట్టు నా మొహంలోకి చూసింది. అర్థమయ్యాక లేచి నిలబడింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఆదివారాలు హాస్టల్ గేటు దగ్గర కూర్చునేదాన్ని మేడమ్" అంది. "జడ్జిగారి మనసు మారుతుందేమోనని. ఆయనకు తెలీనే తెలీదన్నమాట."

క్షమించమని అడగాలని మూడు రోజులుగా కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. వెళ్లిపోయింది. మెట్ల మీద బూట్ల చప్పుడు కింది దాకా వినిపించింది.

లాయరక్క పోయి మేడమ్ వచ్చింది. అదే న్యాయం.

ఫిబ్రవరి 24, సోమవారం

రాలేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

రాలేదు. ఇరవై ఫైళ్లకు సంతకాలు పెట్టాను. ప్రతిదీ చదివాకే పెడుతున్నాను. ఇలాగైతే ఈ మే కాదు, వచ్చే మే దాటుతుందని టైపిస్టు గారి లెక్క.

మార్చి 4, మంగళవారం

టైపిస్టు గారిని అడిగాను, ఆ రోజు సంగతి మీకు తెలుసా అని.

"రెండో మాట టైపు చెయ్యమంటారా అని అడిగాను మేడమ్. అక్కర్లేదన్నారు."

"పెద్దమేడమ్‌కు ఎందుకు చెప్పలేదు?"

కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. "అప్పుడు మీరు భలే హుషారుగా ఉండేవారు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవారు. ఒక్క తప్పుకే మీరు మానేసి వెళ్లిపోతారేమోనని భయమేసింది. నాదీ తప్పే."

కిటికీలోంచి లైబ్రరీ కప్పు మీద పావురాలు కనిపిస్తున్నాయి. ఒకప్పుడు ఈ కిటికీ దగ్గర ఆరుగురం నిలబడి, తీర్పు ఎలా వచ్చిందో చెప్పడానికి పెద్దమేడమ్ ఎప్పుడొస్తారా అని దారి చూసేవాళ్లం. గెలిస్తే ఆవిడ కింద నుంచే గొడుగు ఎత్తి ఊపేవారు. ఎండ రోజుల్లో కూడా ఆ గొడుగు పట్టుకెళ్లేది అందుకే.

మార్చి 12, బుధవారం

వచ్చింది. కూర్చోలేదు.

"మూడు వారాలు మీ మీద కోపంతో పని చేశాను. ఒక అపార్ట్‌మెంట్లో లిఫ్టు తలుపు తప్పుగా బిగించాను కూడా. మళ్లీ వెళ్లి సరిచేశాననుకోండి." "మీరు అప్పుడు చెప్పని మాట ఇప్పుడు చెప్తారా? కోర్టులో?" అంది.

"చెప్తాను."

"మీరే కొట్టేశారని కూడా?"

"అదీ చెప్తాను."

"సరే" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే ఏం రాయాలో చెప్పండి."

మార్చి 14, శుక్రవారం

నేను సాక్షిని కాబట్టి వాదించడానికి పనికిరాను. కేసు కొత్త డైరెక్టరు తీసుకుంది. నా విద్యార్థినే, నా తర్వాత ఈ కేంద్రం నడపబోయేది తనే. ఫైలంతా చదివి మూసింది.

"మేడమ్, కొత్త భవనంలో పిల్లల గదికి మీ పేరు పెడుతున్నారు. బోర్డు చేయించడానికి కూడా ఇచ్చేశారు. ఇది బయటికొస్తే..."

"బోర్డు వాళ్లకు ఫోన్ చెయ్యి. ఆపమను."

"మీకు బాధగా లేదా?"

లేదన్నాను. ఉంది. ఆ బోర్డు కోసం మంచి చీర కూడా అనుకుని పెట్టుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, ఉన్నది ఉన్నట్టు అన్నానుగా.

ఏప్రిల్ 9, బుధవారం

ముప్పైనాలుగేళ్లుగా ఆ కోర్టుకు వెళ్తున్నాను. బోనులో నిలబడడం మాత్రం ఇదే మొదటిసారి. అక్కణ్ణుంచి చూస్తే గది చిన్నదిగా ఉంటుంది. అందరి కళ్లూ దగ్గరగా ఉంటాయి.

జడ్జిగారు నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నవారు. మా డైరెక్టరు అడిగింది.

"ఆ రోజు మీ క్లయింటు మీతో ఏం చెప్పిందో కోర్టుకు చదివి వినిపించండి."

చదివాను. మొదటి మాట బాగానే చదివాను. రెండో మాట దగ్గర ఆగిపోయాను. నీళ్లిచ్చారు. తాగి, మళ్లీ మొదటి నుంచి చదివాను. "కుదరదంటే, ఆదివారాలైనా చూడనివ్వండి. లేకపోతే అది నన్ను మర్చిపోతుంది."

"ఈ మాట అప్పటి కోర్టుకు ఎందుకు చెప్పలేదు?" అని జడ్జిగారే అడిగారు.

చిన్నపాప మేలు కోసమని చెప్పబోయాను. నాలుక చివరి దాకా వచ్చింది. "ఆ పిల్ల కన్నా నాకే ఎక్కువ తెలుసనుకున్నానండీ" అన్నాను.

ఆవిడ రాసుకున్నారు. దత్తత వివరాలు ఎవరికీ ఇవ్వనన్నారు. అయితే ఆ చెల్లెలికి కోర్టే ఉత్తరం రాస్తుంది, అక్క ఉందనీ, చూడాలనుకుంటోందనీ చెబుతుంది. కలవాలో వద్దో ఆవిడ ఇష్టం. వద్దంటే ఇక అంతే.

బయట వరండాలో మెకానిక్ నా పక్క నుంచి నడుస్తూ, "నేను చెప్పిన మాటలు అలాగే ఉన్నాయి. నాకు గుర్తున్నట్టే" అంది. అంతకుమించి ఏమీ లేదు.

పెద్దమేడమ్ వినుంటే ఏమనేవారో. వీపు మాత్రం తట్టేవారు కాదు.

ఏప్రిల్ 15, మంగళవారం

జవాబు లేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

లేదు. మెకానిక్ రోజూ మధ్యాహ్నం డైరెక్టరుకు ఫోన్ చేస్తోందట. "ఏమైనా?" అని ఒక్క మాట. "ఇంకా లేదండీ" అంటే పెట్టేస్తుందట.

మే 2, శుక్రవారం

వచ్చింది!

చిన్నావిడకు ముప్పైఏడేళ్లు. కళ్లద్దాల దుకాణం నడుపుతోంది. నాలుగు వాక్యాలు రాసింది. డైరెక్టరు ఫోన్లో చదివి వినిపించింది. "నాకు అక్క ఉందని ఎవరూ చెప్పలేదు. మా అమ్మానాన్నలు పోయారు, అడగడానికి కూడా ఎవరూ లేరు. కలుస్తాను. కానీ ఏం మాట్లాడాలో నాకు తెలియదు."

ఈ మాట మెకానిక్‌కు డైరెక్టరే ఫోన్ చేసి చెప్పిందట. "ఒక్క నిమిషం, లిఫ్టు పైకప్పు మీదున్నాను, దిగి మాట్లాడతా" అందట.

అక్కకు చెప్పాను. వంటింట్లోంచే "హమ్మయ్య" అని, వెంటనే, "నువ్వు ఆ రోజు మధ్యలో దూరకు" అంది. ఎందుకు దూరతాను!

మే 16, శుక్రవారం

మా గదిలోనే కలిశారు. బీరువాలు వెళ్లిపోయాయి. గోడల మీద వాటి ఆకారంలో తెల్లటి మచ్చలు మిగిలాయి. పొట్టి బల్ల, రెండు కుర్చీలు మాత్రం ఉంచమన్నాను.

చిన్నావిడ ముందు వచ్చింది. పొడగరి. వేళ్లు విరుచుకుంటోంది. తర్వాత మెకానిక్. యూనిఫారం లేకుండా చూడడం ఇదే మొదలు. ఇద్దరూ ఒకరికొకరు నమస్కారం పెట్టుకున్నారు, పెళ్లిచూపుల్లో పెద్దల్లాగా. డైరెక్టరు తలుపు దగ్గరగా వేసింది. మేం ముగ్గురం బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. టైపిస్టు గారు ఈరోజు ఏ పనీ లేకపోయినా వచ్చారు.

మొదట ఏమీ వినిపించలేదు. తర్వాత సన్నగా ఏదో, మీరు ఎక్కడుంటారండీ, పిల్లలెంతమందండీ. డైరెక్టరు నా వైపు చూసి పెదవి విరిచింది. ముప్పైనాలుగేళ్ల తర్వాత 'అండీ' దగ్గరే ఆగిపోతుందేమో అనుకున్నాను.

కాసేపటికి గొంతులు లేచాయి.

"అక్కవంటున్నావు, మరి ఇన్నేళ్లూ ఏం చేశావు?"

"నువ్వెక్కడున్నావో తెలిస్తేగా!"

"వెతకాలి! నువ్వేగా పెద్దదానివి!"

"ఏడు నెలలు నిన్ను చంకనేసుకుని మోసిందెవరనుకుంటున్నావు? నీకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చుందెవరు?"

"నాకేం తెలుసు? నాకు మూడేళ్లు!"

"నాకు మాత్రం ఎన్నేళ్లనుకున్నావు? పదకొండు!"

డైరెక్టరు గాభరాగా లేచింది. "మేడమ్, గొడవవుతోంది. లోపలికెళ్లనా?"

నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఎప్పటి నుంచి 'నువ్వు' అనుకుంటున్నారో మా ముగ్గురిలో ఎవరం గమనించలేదు.

"గొడవ కాదమ్మా" అన్నారు టైపిస్టు గారు. "పరిచయాలు."

ఆ తర్వాత ఏడుపు. ఎవరిదో తెలియలేదు. చాలాసేపు. ఆ తర్వాత ఉన్నట్టుండి నవ్వు.

తలుపు తీసుకుని వచ్చేసరికి ఇద్దరి ముక్కులూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మెకానిక్ డైరెక్టరుకు చేతులు జోడించింది. నా దగ్గర ఆగింది.

"దగ్గర్లో హోటలేదైనా ఉందా మేడమ్? ఇది పొద్దున్నుంచి ఏమీ తినలేదట."

గేటు దాటాక కుడివైపు రెండోదని చెప్పాను. నన్ను రమ్మనలేదు. రమ్మని ఉంటే నేనే ఏదో సాకు చెప్పేదాన్ని. చెప్పేదాన్నో, లేదో.

ఇద్దరూ మెట్లు దిగారు. మళ్లీ ఏదో వాదన మొదలైంది, తల్లి మొహం కోలగా ఉండేదా గుండ్రంగా ఉండేదా అని. నేను రెయిలింగ్ పట్టుకుని విన్నాను. రెండో అంతస్తు దాకా ఏ గొంతు ఎవరిదో పోల్చుకోగలిగాను. ఆ తర్వాత తెలియలేదు.